పొదుపు మీ మందుల దగ్గర మొదలుపెట్టకండి

ప్రశ్న: మా వారు భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచాక ఓవర్‌టైం ఆగిపోయింది, షిఫ్టులూ తగ్గాయి. నెలకు 34,000 వచ్చే చోట ఇప్పుడు 24,000 వస్తోంది. క్రెడిట్ కార్డు మీద 42,000 బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం 2,100 కడుతున్నాం. రిజిస్టర్డ్ కంపెనీలో లక్ష రూపాయల చీటీ ఉంది. నెలకు 5,000 చొప్పున 20 నెలలకు 11 కట్టాం, ఇంకా పాడుకోలేదు. ఇక కట్టడం ఆపేద్దామా అనిపిస్తోంది. పాలు లీటరు నుంచి అర లీటరుకు తగ్గించాను, గుడ్లు మానేశాం. నా బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. అమ్మాయి కాలేజీ ఆటోకు నెలకు 1,500 అవుతోంది. ఇంకా ఎక్కడ తగ్గించుకోవాలి? వచ్చే నెల తణుకులో మా ఆడపడుచు కూతురి పెళ్లి. మేనమామ తరఫున బంగారు గొలుసు పెడతామని పోయిన ఏడాది మాట ఇచ్చాం.
– ఒక సోదరి, భీమవరం

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్ర వేసుకుని తర్వాత మిగతాది చదవండి. డాక్టరు చెప్పకుండా బీపీ మందు రోజు విడిచి రోజు వేసుకోకూడదు. ఖరీదు భారమైతే కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరు (జనరిక్ పేరు) డాక్టరుతో రాయించుకుని జన ఔషధి దుకాణానికి వెళ్లండి, చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని. జీతం తగ్గిన ఇళ్లలో ఎప్పుడూ ఇదే వరస చూశాను. మొదట పాలు పోతాయి, తర్వాత పండ్లు, ఆ తర్వాత ఇంటి ఇల్లాలి మందులు. నలుగురికీ కనిపించే ఖర్చు మాత్రం కదలదు. మీ ఉత్తరంలోనూ గొలుసు మాట చివర్లో వచ్చింది. మీ మనసు మీద ఉన్న అసలు బరువు అదేనని నాకనిపిస్తోంది. దాని దగ్గరకు వస్తాను.

ముందు కార్డు. చాలా కార్డులకు బాకీ మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. మీదీ అంతే అయితే 42,000 మీద 1,470. ఆ వడ్డీ మీద జీఎస్టీ 18 శాతం, అంటే ఇంకో 265. మీరు కడుతున్న 2,100లో అసలుకు చేరేది 365 రూపాయలు. అంతే. పైగా పాత బాకీ నిలిచి ఉన్నంతకాలం ఆ కార్డుతో కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆ కార్డు ఇవాళే పర్సులో నుంచి తీసి బీరువాలో పెట్టండి.

చీటీ ఆపకండి. ఈ నెల పాడుకోండి. కమీషను, పాటలో తగ్గించుకున్నదీ పోగా 87,000 చేతికి వస్తే చాలు. 42,000తో కార్డు బాకీ తీర్చేయండి. మిగిలిన 45,000 మీరు కట్టాల్సిన తొమ్మిది వాయిదాలకు సరిపోతుంది. ఆ డబ్బు వేరే ఖాతాలో వేసి, అక్కడి నుంచే నెలనెలా కట్టండి. అంతకన్నా తక్కువకు పోటీ పడి పాడవద్దు. అందకపోతే వచ్చే నెల చూడవచ్చు, అప్పటికి ఇంకో వాయిదా తీరిపోతుంది కాబట్టి 82,000 వచ్చినా చాలు. పాడుకున్నాక జామీను అడుగుతారు కాబట్టి ఎవరెవరి సంతకాలు కావాలో కంపెనీలో ముందే కనుక్కోండి.

దీనితో జీతంలో నుంచి పోయే 7,100 ఆగుతుంది. లోటు పదివేలు కదా, ఇంకా 2,900 ఉంది. అమ్మాయి వెళ్లే దారిలో ఆర్టీసీ బస్సు ఉంటే ఆటో మాన్పించండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. మీ వారు అదే షిఫ్టు వాళ్లు ఎవరితోనైనా కలిసి ఒకే బండి మీద వెళితే పెట్రోలు సగమవుతుంది. మిగిలిన కొద్దిపాటి లోటుకు ఏం తగ్గించాలో పిల్లలను కూర్చోబెట్టి లెక్క చూపించి అడగండి. గుడ్లు మాత్రం మళ్లీ తెప్పించండి. ఓవర్‌టైం వచ్చే నెల మొదలవుతుందిలే అని ఏదీ వాయిదా వేయకండి. మన రొయ్యలకు అన్నిటికన్నా పెద్ద బేరం అమెరికాదే. అక్కడి మాట ఎప్పుడెలా మారుతుందో మన చేతిలో లేదు. 24,000నే జీతం అనుకుని లెక్క వేసుకోండి.

ఇక గొలుసు. పది గ్రాముల బంగారం 2025లోనే లక్ష దాటింది. అప్పు చేసి ఆ గొలుసు పెట్టకండి. 1996లో మా వారి ఫ్యాక్టరీకి లాకౌట్ పడి ఏడు నెలలు జీతం లేదు. ఆ సమయంలోనే మా మరిది పెళ్లి వచ్చింది. మా పరిస్థితి ఎవరికీ తెలియకూడదని వాయిదాల మీద పట్టుచీర తీసుకుని కట్టుకున్నాను. వంగపండు రంగు, జానెడు జరీ అంచు. పెళ్లి ఒక్క పూటలో అయిపోయింది, వాయిదాలు రెండేళ్లు కట్టాను. మా అత్తగారికి సంగతి తెలిసిన రోజు నా చెయ్యి పట్టుకుని, ‘ముందే చెబితే నా చీర ఇచ్చేదాన్ని కదమ్మా’ అన్నారు. ఆ చీర ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది. మడతల దగ్గర పట్టు చిట్లిపోయింది.

మీ ఆడపడుచుకు ఈ సంగతి మీరు చెప్పకండి, ఫోనులోనూ వద్దు. మీ నోటి నుంచి వస్తే వదినే ఆపిందన్న మాట మిగిలిపోతుంది. మీ వారు స్వయంగా వెళ్లి తన తోబుట్టువు ఎదుట కూర్చుని, జీతం ఎంత తగ్గిందో అంకెతో సహా చెప్పాలి. గొలుసు ఇప్పుడు పెట్టలేను, వెండి మట్టెలు, పెళ్లి బట్టలు తెస్తాను, మేనకోడలిని గంపలో నేనే మండపానికి మోసుకొస్తాను అనాలి. ఆమె ఒక క్షణం చిన్నబుచ్చుకోవచ్చు. చిన్నబుచ్చుకోనివ్వండి. ముఖ్యంగా పెళ్లికి మూడు వారాల ముందే చెబితే వాళ్లు పెట్టుపోతల లెక్క సరిచేసుకుంటారు, పీటల దగ్గర తెలిస్తే తట్టుకోలేరు.

ఈ ఆదివారమే ఆయనను తణుకు బస్సు ఎక్కించండి. మీరు వెంట వెళ్లకండి.