పాత సామాను: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమ్మమ్మగారి ఇత్తడి గుండిగ అటక మీద దొరికింది. తోమితే తళతళలాడుతోంది. అందులో పప్పుచారు కాచుకోవచ్చా? కళాయి వేయించాలంటే ఏం చూసుకోవాలి? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: బయట ఎంత మెరిసినా, లోపల కళాయి లేనిదే పులుపు తగలనివ్వకండి. ఇత్తడిలో ఉండేది రాగి, జింకు. చింతపండు పులుసు ఆ రాగిని కరిగించి చారులోకి దింపుతుంది. కిలుమెక్కిన చారు తాగితే వికారం, వాంతులు రావచ్చు.

కళాయి అంటే తగరం పూత. ముందు గిన్నె లోపలి జిడ్డు, కిలుము పూర్తిగా పోయేలా చింతపండు, ఉప్పు, సన్న ఇసుకతో తోమి ఆరబెట్టాలి. బొగ్గుల కొలిమి మీద తిప్పుతూ కాల్చి నవాసారం (అమోనియం క్లోరైడ్) పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొడి లోహం మీది మకిలిని విడగొడుతుంది; తగరం పట్టుకునేది అప్పుడే. వెంటనే తగరం కడ్డీ ఆనించి, కరిగినదాన్ని దూదితో చకచకా అడుగు నుంచి అంచుదాకా రుద్దుతారు. ఆ పొగ ఘాటుది, గొంతు పట్టేస్తుంది. పని ఆరుబయటే జరగాలి.

తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. వేడి చాలకపోతే పూత ఉండలు కడుతుంది, ఎక్కువైతే పచ్చబడి మాడుతుంది. జిడ్డు మిగిలినచోట అసలు అంటదు, పసుపు మచ్చలుగా కనిపిస్తుంది. అలాంటి గిన్నెను అక్కడికక్కడే మళ్లీ వేయించుకోండి.

అసలు జాగ్రత్త కడ్డీ దగ్గర. రేడియో రిపేరుకి వాడే టంకం కడ్డీల్లో చాలావాటిలో సీసం ఉంటుంది. అది వంట గిన్నెకి విషమే. మంచి తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే సన్నగా కరకరమంటుంది. సీసం కలిసినకొద్దీ ఆ చప్పుడు తగ్గుతుంది. ఇది పైపై పరీక్షే. నమ్మకం కుదరకపోతే మేలిమి తగరం మీరే కొని ఇవ్వడం మంచిది.

కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకండి. నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఒట్టి గిన్నె, కాగిన నూనె అలా ఆగవు. అందుకే ఇందులో వేపుళ్లు వద్దు. పోపు ఇనప గరిటెలో వేసి చారులో తిరగబోయండి. స్టీలు పీచు, ఇసుక తగలకూడదు. మెత్తటి గుడ్డ, సీకాయపొడి చాలు. లోపల ఇత్తడి పసుపు తొంగిచూసిన రోజున మళ్లీ కళాయికి పంపాలి. ఊరగాయకి మాత్రం కళాయి ఉన్నా వద్దు, జాడీయే.

ప్రశ్న: మంచినీళ్ల రాగి బిందెకూ కళాయి కావాలా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: ఒట్టి నీళ్లకి అక్కర్లేదు. లోపల నల్లబడితే చింతపండు, ఉప్పుతో రుద్ది బాగా కడగండి. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు అందులో పోయకండి.