జీపీఎస్ తొమ్మిది కిలోమీటర్లు తప్పు చూపిస్తోందా?

అన్నా, తాడ్వాయి అడవిలో దామరవాయి రాకాసిగుళ్ల (పాతకాలపు రాతి సమాధుల) ముందే నిలబడ్డా జీపీఎస్ ఇంకా తొమ్మిది కిలోమీటర్లు పోవాలంటోందని రాశారు. దాన్ని మార్చి కొత్తది కొనాలా అని కదా మీ టెన్షన్. వద్దు. మిషన్ బాగానే ఉంది, అంకెలు కొట్టడంలోనే తేడా వచ్చినట్టుంది.

మీ ఫ్రెండ్ ఆ చోటు అక్షాంశ, రేఖాంశాలను డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇచ్చారు, మీరు దశాంశంలో ఎక్కించారు. ఉదాహరణకు 18 డిగ్రీల 12 నిమిషాల 30 సెకన్లు అంటే 18.1230 కాదు. 12ను 60తో, 30ను 3600తో భాగించి కలపాలి, 18.2083 వస్తుంది. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు, కాబట్టి ఈ చిన్న తేడాకే తొమ్మిది కిలోమీటర్లు దాటుతుంది! నేనూ ఒకసారి ఇలాగే పాకాల చుట్టూ పొద్దంతా తిరిగాను. సెట్టింగ్స్‌లో పొజిషన్ ఫార్మాట్‌ను డిగ్రీలు, నిమిషాలు, సెకన్లకు మార్చి మళ్లీ ఎక్కించండి. డేటమ్ (అక్షాంశ, రేఖాంశాలను ఏ లెక్క ప్రకారం కొలవాలో చెప్పే సెట్టింగ్) డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి. పాత సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు చూసి నడిచేటప్పుడు మాత్రం దాని డేటమ్ ఎవరెస్ట్, అది పెట్టకపోతే పాయింట్ కొంచెం పక్కకు పడుతుంది.

తెర మీద దిక్కు చూపే బాణం పిచ్చిగా తిరుగుతోందని కూడా రాశారు, అది వేరే సంగతి. దిక్సూచి సెన్సార్ లేని మోడల్‌లో నిలబడి చూస్తే దిక్కు తెలియదు, పది అడుగులు నడవాలి.

ఎప్పుడైనా కొంటే టచ్ కన్నా బటన్లది, డబుల్ ఏ బ్యాటరీలదే తీసుకోండి. ఆ సైజు సెల్లు ములుగులో కిరాణా కొట్టులో కూడా దొరుకుతుంది. జీపు దిగిన చోటును మార్క్ చేయడం మర్చిపోకండి.