పార పట్టుకునే శరణన్నారు మా తాతగారు

అన్నీ పూర్వకర్మను బట్టే జరిగేటప్పుడు మన ఇష్టానికి చోటెక్కడ, ఇక శరణాగతి వల్ల ప్రయోజనమేమిటి అని మీరు అడిగారు. సంచితం (కూడబెట్టుకున్న పాత కర్మ), ప్రారబ్ధం (అందులో ఇప్పుడు అనుభవించక తప్పని భాగం), ఆగామి (ఇప్పుడు చేసే పనుల వల్ల ముందుకు చేరే కర్మ) అన్న విభాగాలు మీకు తెలిసే ఉంటాయి కాబట్టి వాటిని ఇంతకుమించి వివరించకుండా, ఈ ప్రశ్నకు మా తాతగారు పలుగూ పారతో చెప్పిన జవాబును రాస్తున్నాను.

మాది కోనసీమలో అమలాపురం దగ్గరి పల్లె. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను వచ్చేనాటికి నాకు పదేళ్లు. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే, నాన్నా చిన్నాన్నా తలుపుకు వీపులు ఆనించి నిలబడి ఉంటే, తాతగారు పిల్లలందరినీ నడిమి గదిలో చుట్టూ కూర్చోబెట్టుకుని పోతనగారి ‘లావొక్కింతయు లేదు’ పద్యాన్ని తెల్లవారేదాకా చదువుతూనే ఉన్నారు. వెలుగు వచ్చాక చూస్తే మూడెకరాల తోటలో నిలిచి ఉన్న కొబ్బరి చెట్లు పదకొండు. మిగిలినవాటిలో కొన్ని వేళ్లతో సహా పెకలిపోయాయి, కొన్నింటికి మొవ్వులు విరిగిపోయాయి.

‘మన కర్మ’ అని చాలామంది కూలబడిపోయిన ఆ రోజుల్లో, డెబ్బై రెండేళ్ల తాతగారు పడిన దుంగలను తీయించి, గోతులు తవ్వించి, తానూ ఒక పార పట్టుకుని కొబ్బరి మొక్కలూ వాటి మధ్య అరటి పిలకలూ నాటడం మొదలుపెట్టారు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ‘ఈ వయసులో ఎవరి కోసమండీ బాబాయ్ గారూ, అంతా స్వామికే వదిలేశానని మీరే అంటారు కదా’ అని పక్క తోట ఆయన అడిగితే, తాతగారు నడుము ఎత్తకుండానే ‘కాయ తన చేతిలో ఉందన్నాడు గానీ గొయ్యి కూడా తానే తీస్తానని ఆయన ఎక్కడా అనలేదురా’ అన్నారు.

నా మట్టుకు కర్మకూ స్వేచ్ఛకూ మధ్య ఉన్న తగవు అక్కడే తీరిపోయింది. గాలివాన ప్రారబ్ధం అనుకుంటే, నాటిన మొక్క ఆగామి. గీత పద్ధెనిమిదో అధ్యాయంలో ‘మామేకం శరణం వ్రజ’ అన్న 66వ శ్లోకాన్ని అందరూ అప్పజెబుతారు గానీ, దానికి మూడు శ్లోకాల ముందే కృష్ణుడు ‘యథేచ్ఛసి తథా కురు’ అని, అంటే అంతా విమర్శించి చూసుకుని నీకెలా తోస్తే అలా చెయ్యమని అర్జునుడితో అన్న సంగతి ఎవరూ ఎత్తరు. చేయడానికీ మానడానికీ వీలే లేనివాడి దగ్గర అప్పగించడానికి ఏముంటుంది? గజేంద్రుడు కూడా మొసలి పట్టిన నాడే ‘లావొక్కింతయు లేదు’ అనలేదు, వెయ్యేళ్లు పెనుగులాడాక అన్నాడు. అది కూడా ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అని సందేహపడ్డాక. అనుమానం ఉన్నవారికి శరణాగతి కుదరదని ఎవరైనా చెబితే నమ్మకండి.

నాకు అసలు కోపం ఇంకొకందుకు. ఆ తుపాను తర్వాత మా గుడికి ప్రవచనం చెప్పడానికి వచ్చిన ఒక పెద్దమనిషి, ఈ ప్రాంతంలో పాపం పండినందువల్లే ఇంత నష్టం జరిగిందని సెలవిచ్చారు. ఆ రాత్రి సముద్రం మీద వేటలో ఉండి తిరిగిరాని జాలరుల బంధువులు ఆయన ఎదుటే కూర్చుని ఉన్నారు. కర్మ అన్న మాట ఎవరికి వారు తమ గురించి చెప్పుకోదగినదే తప్ప, ఎదుటివారి మీద తీర్పుగా వేయదగినది కాదు. తాతగారు ప్రవచనం సగంలోనే లేచి వచ్చేశారు.

కొత్త చెట్ల తొలి దింపు 2003లో తీశాము. ఆయన అంతకు రెండేళ్ల ముందే పోయారు. అరటి గెలలు మాత్రం ఆయన చేతి మీదుగానే అమ్ముడయ్యాయి. వ్యాపారి వచ్చిన ప్రతిసారీ అరుగు మీద కూర్చుని గెలకు ఇంత అని గట్టిగా బేరమాడేవారు. ఆ ఒక్కటీ స్వామికి వదిలిన గుర్తు నాకు లేదు.