ఒకే స్పిన్, రెండు రకాల కొలువులు

ప్రశ్న: హార్డ్ డిస్క్‌లోనూ, క్వాంటమ్ కంప్యూటర్‌లోనూ ఎలక్ట్రాన్ 'స్పిన్'నే వాడతారని చదివాను. మొదటిది మామూలు గది వేడిలో పనిచేస్తుండగా, రెండోదానికి పరమశూన్యానికి చేరువైన చలి ఎందుకు? అసలు ఎలక్ట్రాన్ బొంగరంలా తిరుగుతుందా?
- బి.ఎస్సీ. విద్యార్థి, తెనాలి

జవాబు: చివరి సందేహం ముందు తీర్చుకుందాం. తిరగదు. 1925లో భౌతిక శాస్త్రవేత్తలు ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ ఈ భావనను ప్రతిపాదించినప్పుడు, ఎలక్ట్రాన్ నిజంగానే తిరుగుతుంటే దాని ఉపరితల వేగం కాంతి వేగాన్ని మించాల్సి వస్తుందని మరో భౌతిక శాస్త్రవేత్త లోరెంట్జ్ అభ్యంతరం చెప్పారు. ఆ బొమ్మ చెరిగిపోయినా పేరు మాత్రం మిగిలింది. విద్యుదావేశంలాగే స్పిన్ కూడా ఎలక్ట్రాన్‌కు సహజ లక్షణం. దానివల్ల అది ఒక చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది, ఏ దిశలో కొలిచినా 'పైకి', 'కిందికి' అనే రెండే ఫలితాలు వస్తాయి.

ఇక హార్డ్ డిస్క్ సంగతి. ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బెర్గ్ 1988లో విడివిడిగా కనుగొన్నది ఇది: అతి పలుచని ఇనుము, క్రోమియం పొరలను పేర్చినప్పుడు, పక్కపక్క ఇనుప పొరల అయస్కాంత దిశలు ఒకటైతే ఒక రకం స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు పెద్దగా చెదరకుండా సాగిపోతాయి, దిశలు ఎదురెదురైతే రెండు రకాలూ ఎక్కడో ఒక పొరలో అడ్డు తగిలి, విద్యుత్ నిరోధం పెరుగుతుంది. డిస్క్ మీది బిట్టు (0 లేదా 1ని సూచించే చిన్న అయస్కాంత మచ్చ) ఒక పొర దిశను మారిస్తే చాలు, నిరోధం మారి సమాచారం తెలిసిపోతుంది. 1997కల్లా ఐబీఎం దీన్ని డిస్కుల్లోకి తెచ్చింది. 2007 నోబెల్ వీరిద్దరికీ దక్కింది. ప్రయోగశాల నుంచి అంగడికి తొమ్మిదేళ్లలో రావడం భౌతికశాస్త్రంలో అరుదే. ఇక్కడ ప్రవహించేది ఎలక్ట్రాన్ల గుంపు కనుక, వేడికి కొన్ని దారి తప్పినా సగటు చెడదు.

క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్టు స్థానంలో ఉండే క్యూబిట్‌లో ఆ వెసులుబాటు లేదు. భౌతిక శాస్త్రవేత్తలు లాస్, డివిన్సెంజో 1998లో సూచించిన పద్ధతిలో సమాచారమంతా ఒకే ఎలక్ట్రాన్ స్పిన్‌లో, 'పైకి', 'కిందికి' స్థితుల మేళవింపులో ఉంటుంది. ఒక టెస్లా అయస్కాంత క్షేత్రంలో ఆ రెండింటి మధ్య శక్తి తేడా సుమారు 1.3 కెల్విన్ ఉష్ణోగ్రతకు మాత్రమే సమానం. గది ఉష్ణోగ్రత దాదాపు 300 కెల్విన్; అంత వేడిలో ఎలక్ట్రాన్ పైకి ఉందో కిందికి ఉందో బొమ్మా బొరుసే. అందుకే చలి. ఎలక్ట్రాన్‌ను సిలికాన్‌లో ఉంచినప్పుడు అది ఒక్కటీ చాలదు: సహజ సిలికాన్‌లో 4.7 శాతం ఉండే సిలికాన్-29 కేంద్రకాలకు కూడా స్పిన్ ఉండి ఎలక్ట్రాన్‌ను కలవరపెడతాయి కనుక, కేంద్రక స్పిన్ లేని, శుద్ధి చేసిన సిలికాన్-28 వాడతారు.

అయితే అన్ని స్పిన్ క్యూబిట్‌లకూ చలి తప్పనిసరి అనుకోవద్దు. వజ్రంలో ఒక కార్బన్ పరమాణువు బదులు నత్రజని చేరి, దాని పక్క స్థానం ఖాళీగా ఉంటే, అక్కడి స్పిన్‌ను ఆకుపచ్చ లేజర్ కాంతితోనే కోరిన స్థితికి తేవచ్చు. వెలువడే ఎరుపు కాంతి హెచ్చుతగ్గులను బట్టి దాన్ని చదవవచ్చు. ఇదంతా గది వేడిలోనే జరుగుతుంది. అతి బలహీనమైన అయస్కాంత క్షేత్రాలను కొలిచే సాధనాల్లో ఇప్పటికే ఈ వజ్రాలు వాడుకలో ఉన్నాయి.