మామత్ పక్కన డైనోసారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పిల్లలతో కలిసి చూసే యానిమేషన్ సినిమాల గురించే. వాటిలో చూపించే ఆదిమకాలం ఎంతవరకు నిజం అన్నది అందరి సందేహం.

ప్రశ్న: మా అబ్బాయికి ఏడేళ్లు. ‘ఐస్ ఏజ్’ సినిమాలన్నీ చూసి, బొచ్చు ఏనుగుల్లాంటి మామత్‌లూ డైనోసార్లూ కలిసే బతికాయని వాదిస్తున్నాడు. ఎలా నచ్చజెప్పాలి? (ఒక తల్లి, విజయనగరం)

జవాబు: 2009లో వచ్చిన మూడో సినిమా ప్రభావం ఇది. మంచు కింద దాగిన లోకంలో డైనోసార్లు ఇంకా బతికే ఉన్నట్టు అందులో చూపించారు. నిజానికి పక్షులను మినహాయిస్తే డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయి. ఇంత పెద్ద అంకె ఏడేళ్ల పిల్లాడికి అందదు కాబట్టి కొలిచి చూపించండి.

70 మీటర్ల పురికొస కొనండి. మీటరు అంటే పది లక్షల ఏళ్లు అనుకోండి. ఒక కొసకు ‘ఈ రోజు’ అని చీటీ కట్టి, అక్కడి నుంచి 66 మీటర్ల దగ్గర డైనోసార్ బొమ్మ కట్టండి. మన జాతి మనుషులు పుట్టి సుమారు 3 లక్షల ఏళ్లు, అంటే ‘ఈ రోజు’ నుంచి 30 సెంటీమీటర్లు. మంచుయుగంలో చలి ముదిరిన కాలం 2 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. చిట్టచివరి మామత్‌లు ఆర్కిటిక్‌లోని రాంగెల్ దీవిలో సుమారు 4,000 ఏళ్ల కిందటి దాకా ఉన్నాయి. అది 4 మిల్లీమీటర్లే! అప్పటికే ఈజిప్టులో గీజా పిరమిడ్ కట్టేశారు. తర్వాత పిల్లాణ్ని మామత్ దగ్గర నిలబెట్టి డైనోసార్ దాకా నడిచి రమ్మనండి. వంద అడుగులు దాటేసరికి సంగతి వాడికే తెలుస్తుంది.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. జాగా చాలక డైనోసార్ వైపు మీటర్లలో, మనిషి వైపు సెంటీమీటర్లలో వేరే కొలత పెట్టేస్తారు. అప్పుడు దూరం కుదించుకుపోయి ప్రయోగం ఉద్దేశమే పోతుంది. జాగా లేకపోతే మొత్తం పదోవంతుకు తగ్గించండి: 6.6 మీటర్ల తాడు, మనిషికి 3 సెంటీమీటర్లు. మామత్ మిల్లీమీటరులో సగం కన్నా తక్కువకు వస్తుంది, దాన్ని పెన్సిలు చుక్కతో గుర్తు పెట్టండి.

ఇంకో మాట. 2002లో వచ్చిన మొదటి సినిమాను పూర్తిగా కొట్టిపారేయకండి. మామత్, నేల మీద తిరిగే స్లాత్, కత్తికోరల స్మిలోడాన్ ఉత్తర అమెరికాలో ఒకే కాలంలో బతికిన జంతువులే. కథకు ఆ మూడింటినీ ఎంచుకోవడంలో శ్రద్ధ ఉంది. స్మిలోడాన్‌ను మనం ‘కత్తిపళ్ల పులి’ అంటాం గానీ అది పులికి దగ్గరి చుట్టం కాదు.

ప్రశ్న: అదే సినిమాలో డోడో పక్షులు, పొడుగు కోరల ఉడుత కూడా ఉన్నాయి కదా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: డోడోలు అక్కడ ఉండాల్సినవి కావు. అవి హిందూ మహాసముద్రంలోని మారిషస్‌లో తప్ప ఎక్కడా లేవు, పోయింది కూడా 17వ శతాబ్దంలోనే. పై తాడు మీద అది అర మిల్లీమీటరు కూడా కాదు. ఉడుత కల్పితం. అయితే 2011లో అర్జెంటీనా నుంచి క్రోనోపియో అనే చిన్న క్షీరదం శిలాజాన్ని శాస్త్రవేత్తలు వర్ణించారు. పొడుగు ముట్టె, పొడుగు కోరలు చూసి అందరికీ ఆ ఉడుతే గుర్తొచ్చింది. కానీ అది మంచుయుగానిది కాదు, డైనోసార్ల కాలానిది.

ప్రశ్న: డైనోసార్లకు ఈకలుండేవని పుస్తకాల్లో ఉంది, సినిమాల్లో మాత్రం నున్నటి చర్మం. ఏది నమ్మాలి? (తొమ్మిదో తరగతి విద్యార్థిని, నల్గొండ)

జవాబు: జాతిని బట్టి రెండూ నిజమే. చైనాలోని లియావోనింగ్‌లో దొరికిన సైనోసారాప్టెరిక్స్‌ను 1996లో లోకానికి పరిచయం చేశారు. దాని ఒంటి మీద నూగులాంటి ఈకలున్నాయి. 2010లో ఆ ఈకల్లోని రంగు కణికలను పరిశీలించి, తోక మీద గోధుమ-ఎరుపు, తెలుపు పట్టీలుండేవని తేల్చారు. వెలాసిరాప్టర్ లాంటి చురుకైన చిన్న వేటజంతువును నున్నగా గీస్తే అది తప్పు. టైరనోసారస్ చర్మపు ముద్రలు దొరికిన చోట్ల మాత్రం పొలుసులే కనిపించాయి. పొడవాటి మెడలున్న పెద్ద శాకాహారుల చర్మమూ పొలుసులదే.

‘రాక్షసబల్లి’ అన్న మన తెలుగు మాటే చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. బల్లి కాళ్లు ఒంటికి పక్కగా చాచి ఉంటాయి. డైనోసార్ కాళ్లు స్తంభాల్లా ఒంటి కిందికే ఉంటాయి. తోక నేల మీద ఈడ్చుకుపోదు, గాల్లో బరువు తూగుతూ ఉంటుంది. వేటజంతువుల అరచేతులు కిందికి తిరిగి ఉండవు, చప్పట్లు కొట్టబోతున్నట్టు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. బొమ్మ గీసినవాళ్లు శ్రద్ధ పెట్టారో లేదో ముందు ఆ చేతుల్లోనే తెలిసిపోతుంది. బల్లి కన్నా మన పెరట్లోని కోడే వీటికి దగ్గరి బంధువు.

ప్రశ్న: యానిమేషన్ నేర్చుకుంటున్నాను. మన దగ్గర దొరికిన కోటాసారస్ అనే పొడుగు మెడ డైనోసార్ మీద మూడు నిమిషాల చిత్రం తీయాలని ఉంది. ఏ తప్పులు రాకుండా చూసుకోవాలి? (ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: మంచి ఎంపిక. ముందు బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లండి, తెలంగాణలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం అక్కడుంది. పొడవు దాదాపు 9 మీటర్లు. 1988లో పి. యాదగిరి దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. పుర్రె దొరకలేదు, పళ్లు మాత్రం దొరికాయి. కాబట్టి మీరు గీసే తల ఊహే. ఆ సంగతి చివరి టైటిల్స్‌లో ఒక వాక్యంగా వేయండి.

కాలం జురాసిక్ తొలి భాగం, 18 కోట్ల ఏళ్లకు అటూఇటూ. ఎక్కువ తప్పులు నేపథ్యంలోనే దొర్లుతాయి. పచ్చిక బయలు వేశారంటే పోయినట్టే, అప్పటికి గడ్డి లేదు, పువ్వులూ లేవు. మహారాష్ట్రలోని పిస్‌దూరాలో దొరికిన డైనోసార్ పేడ శిలాజాల్లో గడ్డి ఆనవాళ్లున్నట్టు 2005లో తేలింది గానీ, అవి డైనోసార్ల ఆఖరి యుగమైన క్రెటేషియస్ చివరివి, మీ కథకు పది కోట్ల ఏళ్లకు పైగా తర్వాతివి. నేల మీద ఫెర్న్‌లు, తోటల్లో పెంచే సైకస్ లాంటి మొక్కలు, కోనిఫర్ చెట్లు వేయండి. దక్కను నల్లరాతి కొండలు, హిమాలయాలు రెండూ వద్దు, అవి తర్వాత ఏర్పడ్డాయి. భారత భూభాగం అప్పటికి దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న గోండ్వానా అనే మహాఖండంలో భాగం. టైరనోసారస్‌ను తరిమే జంతువుగా పెట్టకండి, అది పుట్టడానికి ఇంకా పదకొండు కోట్ల ఏళ్లకు పైగా ఉంది.

నడకకు ఏనుగు వీడియోలు చూడండి. ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక, కుడి ముందు, ఇదీ వరస. సెకనుకు 24 ఫ్రేములైతే ఒక పూర్తి చక్రానికి 48 ఫ్రేములతో మొదలుపెట్టండి. 24కు కుదిస్తే టన్నుల బరువు మాయమై కుక్కపిల్ల పరుగులా కనిపిస్తుంది. నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడిచే ఫ్రేము ఒక్కటీ ఉండకూడదు. పాదం ఆనిన రెండు మూడు ఫ్రేముల తర్వాతే భుజం కాస్త దిగాలి, బరువు తెలిసేది అక్కడే. కళ్లు పెద్దవిగా గీయడం, మాట్లాడించడం మీ ఇష్టం, అది కథకు కావలసిన స్వేచ్ఛ.

ప్రశ్న: మంచుయుగంలో మన రాయలసీమ కూడా మంచుతో కప్పి ఉండేదా? (ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల)

జవాబు: లేదు. ఇక్కడ రుతుపవనాలు బలహీనపడి నేల ఎండింది. సముద్రం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. ఆ కాలపు జంతువుల ఎముకలు బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో బయటపడ్డాయి. వాటిలో ఖడ్గమృగం ఉంది, కర్నూలు పేరుతోనే ఒక జాతికి నామకరణం చేశారు. నిప్పుకోడి గుడ్డు పెంకులు మహారాష్ట్రలోని పట్నేలో దొరికాయి. మీ నంద్యాల జిల్లాలోని జ్వాలాపురంలో సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ల కిందట చిమ్మిన బూడిద పొర ఉంది, దాని పైనా కిందా రాతి పనిముట్లున్నాయి. మీ పిల్లలు మంచుయుగం బొమ్మ గీస్తే మామత్‌కు బదులు ఖడ్గమృగాన్ని, నిప్పుకోడిని, బూడిద రాలే ఆకాశాన్ని గీయించండి.