మాట్లాడే పనిలో సగం పిల్లలకు అప్పగించండి, మేడమ్

మేడమ్, బంగారుపాళ్యం దగ్గర పదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నారని, ప్రశ్న అడిగితే పిల్లలు నోరు విప్పరని, సాయంత్రానికి గొంతూ ఓపికా రెండూ అయిపోతున్నాయని రాశారు. చదివి బాధేసింది. మీరు ఇంకా గట్టిగా చెప్పాల్సిన పనిలేదు, వాళ్ల చేత మాట్లాడించాలి.

ముందు, ప్రశ్న అడిగాక ఆగండి. 1970ల్లో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు చూసింది ఇదే: టీచర్లు మామూలుగా ఒక సెకను ఆగడమే ఎక్కువ. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, మౌనంగా ఉండేవాళ్లూ నోరు తెరుస్తారు. ఆ నిశ్శబ్దం మొదట్లో మనకే టెన్షన్. ఓర్చుకోండి.

తర్వాత ప్రశ్న మార్చండి. 'శాఖీయ ప్రత్యుత్పత్తి (విత్తనం లేకుండా కొమ్మ, వేరు లాంటి భాగాల నుంచే కొత్త మొక్క రావడం) అంటే ఏమిటి?' అంటే బట్టీ పట్టినవాడే లేస్తాడు. 'తోతాపురి టెంక నాటకుండా నర్సరీలో అంటు మొక్కే ఎందుకు కొంటారు?' అని అడగండి. మీ వైపు మామిడి తోట చూడని పిల్లలుండరు కదా. ముందు ఎవరికి వాళ్లు నోట్సులో ఒక వాక్యం రాయాలి, తర్వాత పక్కవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోవాలి, ఆపైనే క్లాసుకు చెప్పాలి. ఫ్రాంక్ లైమన్ 1981లో చెప్పిన పద్ధతి ఇది. 'మా పక్కనోడు ఏమన్నాడంటే' అని మొదలుపెట్టడం పిల్లలకు తేలిక, తప్పయినా పరువు పోదు. ఆ కాసేపూ మీరు నీళ్లు తాగి, బెంచీల మధ్య తిరుగుతూ వింటే చాలు.

తప్పు చెప్పినవాళ్లను చూసి ఎవరినీ నవ్వనివ్వకండి. ఈ ఒక్కటి జారవిడిస్తే మిగతాదంతా దండగ. సిలబస్ వెనకబడుతుందని భయమైతే వారానికి రెండు పీరియడ్లతో మొదలుపెట్టండి.