లేహ్‌కి ఒక్క స్వెటర్ చాలదా? (సమాధానం)

లదాఖ్‌లోని లేహ్ ప్రయాణానికి మీరు చూసింది పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే. అందుకే "సెప్టెంబరు చివర్లో 20 డిగ్రీలేగా, అమ్మకి ఒక్క స్వెటర్ చాలదా" అన్న ధీమా. చాలదు.

1. ఫోన్‌లో కనిష్ఠం కూడా చూడండి. అప్పటికి రాత్రిళ్లు 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. (జనవరిలో అయితే మైనస్ 15 దాకా. ఆ ఊసే వద్దు.)

2. అందరూ మరిచిపోయేది నీడ. లేహ్ ఉన్నది 3,500 మీటర్ల ఎత్తున. గాలి పలచన, తేమ తక్కువ, ఏడాది మొత్తం వాన 100 మిల్లీమీటర్ల చుట్టూనే. ఎండలో మాడు చుర్రుమంటుంది, గోడ నీడలోకి రెండడుగులు వేస్తే వణుకు. కాబట్టి మందపాటిది ఒక్కటి కాదు, పొరలు కావాలి: లోపల థర్మల్, పైన స్వెటర్, ఆపైన గాలి ఆపే జాకెట్. గంటకోసారి వేస్తూ తీస్తూ ఉంటారు.

3. ప్యాంగాంగ్ సరస్సు దగ్గర రాత్రి ఉంటే మంకీ క్యాప్, గ్లవ్స్ తప్పనిసరి. అది 4,200 మీటర్ల పైమాటే, సున్నా కిందికి పోవచ్చు.

4. లేహ్‌లో దిగాక మొదటి రెండు రోజులు గదిలోనే విశ్రాంతి, ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలి. అమ్మగారికి బీపీ అన్నారు, టికెట్లు కొనేముందే డాక్టర్ని అడగండి.